నాలుగో క్లాసు బెంచీ మీద చిన్నపెట్టె

ఆంధ్రరాష్ట్రం విడిపోవడం వల్ల మా ఇంట్లో లాభపడింది మా నాయన, నష్టపోయింది నేను. ఈ సంగతి ఏ చరిత్ర పుస్తకంలోనూ ఎక్కేటట్టు లేదు గనక ఇక్కడ రాసి పెడుతున్నాను.

మద్రాసు చూలైలో మా నాయనకు రేకు ట్రంకుపెట్టెలు చేసే దుకాణం ఉండేది. ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్య గుమ్మంలో మా అవ్వ. కొత్త రాజధాని కర్నూలు అని తేలగానే, గవర్నమెంటు ఆఫీసుల్లో పనిచేసే తెలుగువాళ్ళు ఒక్కో ఇంటివాళ్ళే సామాన్లు సర్దుకోవడం మొదలుపెట్టారు. సర్దుకోవాలంటే పెట్టెలు కావాలి. పెట్టెలు మా నాయన దగ్గర ఉన్నాయి. ఆకుపచ్చ రంగు పూసి, మూత మీద గులాబీ పువ్వు వేసి, పువ్వు కింద పేరూ ఊరూ రాసి ఇచ్చేవాడు. వాళ్ళు ఆ పెట్టెల్నీ, వాటితోపాటు పిల్లల్నీ తీసుకుని రైలెక్కేవాళ్ళు. ఆ పిల్లలు మా బడి పిల్లలు. అంటే మా నాయన ఒక పెట్టె అమ్మాడంటే మా బడిలో ఒకడు తగ్గాడన్నమాట. పెద్ద సైజు పెట్టె అయితే ఇద్దరు.

మా వీధి చివరి బడిలో ఒక పక్క తమిళం సెక్షను, ఒక పక్క తెలుగు సెక్షను. తమిళం వైపు క్లాసుకొక గది. తెలుగు వైపు కూడా అట్లాగే ఉండేది. ఆ ఏడు ఎండాకాలం సెలవులు అయిపోయి బడికి వెళ్ళి చూస్తే ఐదో క్లాసు లేదు. మొత్తం కర్నూలు వెళ్ళిపోయింది. ఒకటో క్లాసును వరండాలోకి తోసి, మిగిలిన రెండు, మూడు, నాలుగు క్లాసుల్ని ఒకే గదిలో, ఒకే అయ్యవారి కింద పెట్టారు. ఉన్నది ఒక్క నల్లబల్ల. అయ్యవారు దాని మీద నిలువుగా రెండు గీతలు గీసి, అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నట్టు మూడు వాటాలు చేశారు.

రెండో క్లాసువాళ్ళు ముందు నేల మీద, పలకలతో. మూడో క్లాసువాళ్ళు మధ్యలో పొట్టి బెంచీల మీద. నాలుగో క్లాసువాళ్ళం వెనక గోడవారగా, కాళ్ళున్న నిజమైన బెంచీ మీద. మేము ముగ్గురమే. బెంచీ పట్టినంతమంది లేకపోయినా హోదా హోదాయే.

ఆ గదికి ఒక నియమం ఉండేది. అయ్యవారు ఒక క్లాసుకు పాఠం చెప్తుంటే తక్కిన రెండు క్లాసులవాళ్ళూ తలవంచుకుని రాసుకోవాలి. ఎవరి పాఠం వాళ్ళే వినాలి. పక్క క్లాసు పాఠం చెవిన పడినా పడనట్టే ఉండాలి. నేను ఈ నియమాన్ని ఎంత గట్టిగా పాటించేవాణ్ణంటే, అలవాటుకొద్దీ నా పాఠం కూడా వినేవాణ్ణి కాదు.

అందువల్ల అయ్యవారి నోట నా మాట రోజూ వచ్చేది. ఆయన నెల్లూరాయన, గొంతు పెద్దది. మా దుకాణం సుత్తి మోత బడిదాకా వినపడేది గనక ఇంకా పెద్దది చేసుకోవలసి వచ్చింది. నాకు అమ్మానాయనలు పెట్టిన పేరు ఒకటి ఉన్నా, ఆయన దాన్ని వాడి అరగదీయలేదు. “ఒరే ట్రంకుపెట్టే! ఈడ చూడరా! బయట తాళం, లోపల ఖాళీనా?” అనేవారు. గది గదంతా నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి. మాట బాగుంది, ఎందుకు నవ్వకూడదు?

అంత ఖాళీ పెట్టెకూ ఆయన ఒక ఉద్యోగం ఇచ్చారు. తాను వరండాలో ఒకటో క్లాసును చూడబోయినప్పుడు రెండో క్లాసువాళ్ళ చేత ఎక్కాలు వల్లె వేయించే చట్టాంపిళ్ళను, అంటే చిన్న అయ్యవారిని, నేనే. చేతిలో రూళ్ళకర్ర. నేను “రెండు ఒకట్లు” అంటే వాళ్ళు “రెండు” అనాలి. ఇంట్లో నా మాట వినేవాళ్ళు ఎవరూ లేరు. ఇక్కడ ఒక వరుస వరుసంతా వినేది. నా రాజ్యం అది. చిన్నదే కానీ సొంతం.

అట్లా ఉండగా ఒకనాడు సాయంత్రం అయ్యవారు మా దుకాణానికి వచ్చారు. నా సంగతి చెప్పడానికేమో అనుకుని రంగుడబ్బాల వెనక్కి తప్పుకున్నాను.

“పెట్టెలు బాగా పోతా ఉండాయా?” అన్నారు అయ్యవారు.

“అంతా మీ దయ” అన్నాడు మా నాయన.

“నా దయేముండాదయ్యా ఇందులో? నా బడినే మీ పెట్టెల్లో పెట్టి పంపిస్తా ఉండారు మీరు. ఇంకా నలుగురు పోయినారంటే తెలుగు సెక్షను ఎత్తేస్తారంట. మీ పాప ఉండాదే, ఆ పాపనన్నా నాకియ్యండి.”

పాప అంటే మా చెల్లెలు. దానికి అప్పుడు ఆరేళ్ళు దాటాయి. ఇంకా ఏ బడికీ వెయ్యలేదు. పగలంతా దుకాణంలో మా నాయన వెనక తిరిగేది.

లోపలినుంచి మా అవ్వ అందుకుంది. “ఆ బళ్ళోనే అరవం పక్క క్లాసుకొక గది, గదికొక టీచరమ్మ. దీన్ని తీసకపోయి ఆ సంతలో యాస్తారా?”

“సంతలోనేగదమ్మా బేరం తెలిసేది” అన్నాడు మా నాయన. తెలుగు అక్షరాలు రాని పిల్ల తన దుకాణంలో తిరగడం తనకు ఇష్టం లేదని కూడా చెప్పాడు.

“దానికి అక్షరాలు రావని ఎవురు చెప్పినారు?” అంది మా అమ్మ.

అప్పుడు మా చెల్లెలు చేసిన పని నాకు ఇప్పటికీ నచ్చలేదు. ఆరబెట్టిన పెట్టెల దగ్గరికి వెళ్ళి, మూతల మీద గులాబీ పువ్వు కింద రాసి ఉన్న పేర్లన్నీ వరుసగా చదివేసింది. ఊరు దగ్గరికి వచ్చినప్పుడల్లా “కర్నూలు, కర్నూలు, కర్నూలు” అని. నేను రెండేళ్ళు బడికి పోయి నేర్చుకున్నదాన్ని అది పెట్టెల మీద నేర్చుకుంది. అయ్యవారు ఆ పూట కాఫీ గ్లాసు కింద పెట్టడం మరిచిపోయారు.

“ఒకటో క్లాసు అక్కరలేదు. నేరుగా రెండులో కూర్చోబెడతా” అన్నారు.

“అన్న ఉండాడు గదా, చెయ్యి పట్టుకోని తీసకపోతాడు” అంది మా అమ్మ. అన్నను మాత్రం ఎవరూ అడగలేదు. నేను రంగుడబ్బాల వెనక ఉన్నానని కూడా ఎవరికీ గుర్తు లేదు.

మరునాడు దానికి కొత్త పలక వచ్చింది. చెక్క చట్రంతో, మూలలకు రేకు బిళ్ళలతో. నా పలకకు మూల విరిగి మూడేళ్ళయింది. విరిగిన మూలలో అంకె వెయ్యడానికి వీల్లేదని, జవాబులు తప్పడానికి అదే కారణమని నేను ఎన్నోసార్లు విన్నవించుకున్నాను. ఎవరూ వినలేదు.

పలకకైనా ఓర్చుకున్నాను. దుకాణం ముందు వేలాడే చిన్నపెట్టె సంగతి వేరు. పలక పట్టేంత పెట్టె అది. పెద్దపెట్టెలు ఎట్లా ఉంటాయో చూపించడానికి మా నాయన మచ్చుకు చేసింది. దానికీ గులాబీ పువ్వు, దానికీ తాళం. బడికి తీసుకుపోతానని అడిగిన ప్రతిసారీ “అది అమ్మకానికి కాదురా, ఇయ్యడానికీ కాదు” అనేవాడు. చెల్లెలు మొదటిరోజు బడికి పోతూ దానివైపు ఒకసారి చూసింది. ఆ చూపు నేను చూశాను.

అయినా నాకు ఒక ధైర్యం ఉండేది. అది రెండు, నేను నాలుగు. మధ్యలో మూడో క్లాసు బెంచీలున్నాయి. నా పరువుకు అవే ప్రహరీగోడ. చెల్లెలితో ఒకే గదిలో ఉండటం కర్మ అనుకోవచ్చు. ఒకే బెంచీ మీద కూర్చోవలసి వస్తే మాత్రం చూలై అంతా చెప్పుకుంటుంది. చూలైలో సుత్తి మోత కన్నా వేగంగా పోయేది అట్లాంటి కబురొక్కటే.

మొదటి వారమే నా రాజ్యానికి బీట పడింది. ఎక్కాలు చెప్పిస్తుంటే “ఏడు ఎనిమిదులు” దగ్గర నాకు కొంచెం ఊపిరి తీసుకునే అలవాటు ఉంది. ఊపిరి తీసుకునేలోపల అది “యాభై ఆరు” అనేసేది. వరుస వరుసంతా దాని వెనక “యాభై ఆరు” అనేది. నాలుగు రోజులయ్యేసరికి వాళ్ళు నావైపు చూడటం మానేశారు. రూళ్ళకర్ర నా చేతిలో, చూపులన్నీ మా చెల్లెలిమీద. రాజుగారి చేతిలో కత్తి ఉండి, సైన్యం అంతా ఇంకొకరి వెంట నడిస్తే ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. రూళ్ళకర్రతో వీపు గోక్కోవడం తప్ప చేసేదేమీ ఉండదు.

ఇంకో సంగతి కూడా గమనించాను. అయ్యవారు మాకు పాఠం చెప్పేటప్పుడు అది తలవంచుకుని పలక మీద రాస్తూనే ఉండేది, పెదవులు మాత్రం కదిలేవి. తాంబూలం నమిలే అవ్వలాగా ఏదో నములుతూ ఉండేది. నేను పట్టించుకోలేదు. ఏం నమిలితే నాకేం?

దసరా సెలవుల తరువాత ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని తెలిసింది. బడికి సున్నం వేశారు. అయ్యవారు పంచె ఇస్త్రీ చేయించుకున్నారు. ఇన్‌స్పెక్టరు వచ్చే రోజున మా బెంచీమీది మూడోవాడు గవదబిళ్ళలు లేచి, మూతి గుమ్మడికాయంత అయి ఇంట్లో పడుకున్నాడు.

అయ్యవారు బెంచీవైపు చూశారు. మేమిద్దరం. ఇద్దరు పిల్లలకోసం ఒక క్లాసా అని వచ్చినవాడు అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. నాలుగు పోతే మూడు పోతుంది, మూడు పోతే రెండు. ఆయన గబగబా ముందుకు వెళ్ళి నేలమీద కూర్చున్న మా చెల్లెల్ని రెండు చేతులతో ఎత్తి, ప్రహరీగోడ దాటించి, తెచ్చి నా పక్కన పెట్టారు.

“అమ్మణ్ణీ, ఈ పూటకు నువ్వు నాలుగు. నోరు తెరవబాక. సుమ్మా కూర్చో.”

అది సుమ్మా, అంటే ఊరికే, కూర్చుంది. కాళ్ళు నేలకు అందలేదు. ఊపుకుంటూ కూర్చుంది. ఈ పూటకే గదా అని నేను పళ్ళు బిగపట్టుకున్నాను.

ఇన్‌స్పెక్టరు సన్నగా, పెద్ద తలపాగాతో, దీపం కన్నా చిమ్నీ పెద్దదైన లాంతరులాగా ఉన్నాడు. నేరుగా మా బెంచీ దగ్గరికే వచ్చాడు.

“గోదావరి నది గురించి ఎవరు చెప్తారు?” అని నావైపు చూశాడు.

ఆ గదిలో గోదావరి చూసినవాడు ఒక్కడూ లేడు. మాకు తెలిసిన నది కూవం. దాన్ని గురించి ఎవరూ పాఠం అడగరు, ముక్కు మూసుకుంటారు. నేను లేచి, “గోదావరి నది నాసిక్ దగ్గర పుట్టి” అన్నాను. పుట్టించడం దాకా వచ్చింది. పెంచడం రాలేదు. తలపాగా నా పక్కకు తిరిగింది.

“నువ్వు చెప్పమ్మా.”

అయ్యవారు ఇన్‌స్పెక్టరు వెనకనుంచి వద్దు వద్దని తల ఆడించారు. మా చెల్లెలు బెంచీ దిగి, చేతులు కట్టుకుని, అచ్చం అయ్యవారి గొంతుతో, అంత పెద్దగానూ మొదలుపెట్టింది.

“గోదావరి నది పడమటి కనుమలలో నాసిక్ దగ్గర పుట్టి, ఒరే ట్రంకుపెట్టే, ఈడ చూడరా, బయట తాళం లోపల ఖాళీనా, తూర్పుగా పారి రాజమండ్రి దాటి, రెండో క్లాసోళ్ళు నోరు ముయ్యండి, పాయలుగా చీలి, మళ్ళా కిటికీలోకే చూస్తా ఉండావే, ఆడ మీ నాయన పప్పుబెల్లాలు పంచుతా ఉండాడా, బంగాళాఖాతంలో కలుస్తుంది.”

దూరంగా మా నాయన సుత్తి ఒక్కటే వినపడుతోంది.

దానికి ఏది పాఠమో ఏది తిట్టో తెలియదు. ఎవరూ విడదీసి చెప్పలేదు. చెవిన పడింది పడినట్టు, వరుస తప్పకుండా, ఒక్క అక్షరం పోకుండా అప్పజెప్పింది.

“ట్రంకుపెట్టె ఎవరు?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“మా అన్న సార్” అని గర్వంగా నన్ను చూపించింది. నాసిక్‌ను చూపించినా అంత గర్వంగా చూపించి ఉండదు.

“నువ్వూ నాలుగో క్లాసేనా?”

“లేదు సార్. నేను రెండు. ఈ పూటకే నాలుగు.”

అయ్యవారి ముఖం కొత్తగా సున్నం వేసిన గోడలో కలిసిపోయింది. ఇక ఆయన ఉద్యోగం పోతుంది, బడి పోతుంది, మా నాయన మాకు కూడా ఒక పెట్టె చేసి మమ్మల్ని కర్నూలు పంపిస్తాడు అనుకున్నాను. అంత జరుగుతుందని చూస్తే, ఇన్‌స్పెక్టరు అయ్యవారి కుర్చీలో కూలబడి, తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. తరువాత మంచినీళ్ళు అడిగాడు. తాగి, “ఈ పూటకే ఎందుకయ్యా? దీన్ని నాలుగులోనే ఉండనీండి. కూర్చునే చోట మార్చారు, అంతేగా. చదువు ముందే వచ్చి కూర్చుంది” అన్నాడు.

అంతే. ప్రహరీగోడ కూలడానికి నాలుగు మాటలు చాలాయి.

ఇంటికి వచ్చేసరికి కబురు మాకన్నా ముందే వచ్చింది. మా అవ్వ ఉప్పూ మిరపకాయలూ తీసి చెల్లెలికి దిష్టి తిప్పింది. “సమత్తు పిల్ల, బుద్ధిమంతురాలు, నా సామి” అంది. పక్కనే నిలబడ్డ నాకు మిరపకాయల ఘాటు మాత్రం దక్కింది. మా అమ్మ నా తల నిమిరి, “పోనీలేరా, నువ్వు గూడా దాని పక్కనే కూర్చుంటావు గదా” అని ఓదార్చింది. రోగం ఏదో అదే మందుగా ఇచ్చింది.

మా నాయన నిచ్చెన వేసుకుని, దుకాణం ముందు వేలాడే చిన్నపెట్టెను కిందికి దించాడు. దుమ్ము తుడిచి, తాళంచెవి చెల్లెలి జడ రిబ్బనుకు కట్టి, పెట్టె దాని చేతికిచ్చాడు. అమ్మకానికి కాదన్నాడు, ఇయ్యడానికి కాదన్నాడు. మరి దేనికి చేశాడో ఆ సాయంత్రం తెలిసింది.

నేను వీధి అరుగు మీద కూర్చున్నాను. చెల్లెలు పెట్టె పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. మూత తెరవడం, వెయ్యడం, తెరవడం, వెయ్యడం.

“నా తిట్లు ఎందుకు చెప్పినావే?” అన్నాను.

“తిట్లా? పాఠం గదా అది?”

“పాఠంలో ట్రంకుపెట్టె ఉంటాదా?”

“నీకైతే బాగుంటాదిలే అన్నా. నిన్ను అయ్యవారు దినామూ పిలస్తారు. నీకోసరమని ఒక పేరు గూడా పెట్టినారు. మమ్మల్ని ఎవురు పిలస్తారు? ‘రెండో క్లాసోళ్ళు నోరు ముయ్యండి’ అంటారు, అంతే. పలక నిండా రాసి, చూస్తారేమో అని చూసి, మళ్ళా తుడిపేసి మళ్ళా రాస్తా.”

నేను పెట్టె మూత మీది గులాబీ పువ్వును వేలితో గీకాను.

“నన్ను గూడా ఒకసారి పిలిస్తే బాగుండు” అంది. “తిట్టినా పరవాలేదు.”

ఇక్కడ నా గుండె కరగాలి. కరిగిందనే రాయాలని ఉంది. కానీ ఆ సమయంలో అది మూత తెరిచి పట్టుకుంది, లోపల ఇంకా రంగు వాసన పోలేదు, నా చూపు పెట్టెమీద ఉంది. నా తిట్లకు ఒకరు అసూయపడుతున్నారని తెలిసి ఆశ్చర్యం వేసిన మాట నిజం. కావాలంటే అవన్నీ ఇచ్చి ఆ పెట్టె తీసుకుందామనుకున్నాను. అడిగాను కూడా. “తిట్లు ఇచ్చేదానికి రావు గదా అన్నా” అని మూత వేసేసింది.

మరునాటినుంచి అది నా పక్కన బెంచీ మీద. మా ఇద్దరి మధ్య చిన్నపెట్టె. గవదబిళ్ళలు తగ్గి వచ్చినవాడు నన్ను చూసి, చెల్లెల్ని చూసి, మూతి మామూలుగా ఉండి కూడా నవ్వు ఆపుకోవడానికి దాన్ని మళ్ళీ ఉబ్బించుకున్నాడు.

తిట్టుకోసం అది ఎదురుచూసింది. రాలేదు. అడిగినదానికల్లా సరిగ్గా చెప్పేదాన్ని ఎవరు తిడతారు? “కిటికీలోకి చూడు, తప్పకుండా వస్తాది” అని నాకు తెలిసిన విద్య చెప్పాను. చూసింది. కానీ చెవులు లోపలే పెట్టి చూసింది. అడగగానే జవాబు చెప్పేసింది. కిటికీలోకి చూడటానికి కూడా సాధన కావాలి.

చివరికి ఒకనాడు అయ్యవారు మధ్య వరుసవాళ్ళను లెక్క అడిగారు. అది మా చెల్లెలు ఎగిరి దాటిన మూడో క్లాసు లెక్క. ఆ బెంచీల మీద ఎవరూ చెప్పలేకపోయారు. ఎవరి పాఠం వాళ్ళే వినాలని గది నియమం. వెనకనుంచి, కాళ్ళు ఊపుకుంటూ, మా చెల్లెలు జవాబు చెప్పేసింది.

అయ్యవారు గిరుక్కున తిరిగారు. “ఒసే చిన్నపెట్టే!” అన్నారు. “ఊరి సామానంతా నీలోనే కుక్కుకుంటావా? పక్కనే అంతలావు పెట్టె ఖాళీగా ఉండాది, ఆడ కొంచెం పెట్టరాదా?”

గది గదంతా నవ్వింది. నేను పక్కకు చూశాను. మా చెల్లెలి ముఖం అంత వెలగడం అవ్వ దిష్టి తీసినప్పుడు కూడా చూడలేదు. పెదవులు అప్పుడే కదులుతున్నాయి. నములుతోంది.

ఆ సాయంత్రం దాన్ని మా అమ్మకు అప్పజెప్పింది, అయ్యవారి గొంతుతో, ఒక్క అక్షరం పోకుండా. అవ్వ మళ్ళీ చెప్పమంది. చెప్పింది. మా నాయన సుత్తి ఆపి విన్నాడు. పెట్టె కొనడానికి వచ్చినాయనకు కూడా చెప్పించాడు. ఆయన నవ్వి, ఆ ఖాళీ పెట్టె ఎవరని అడక్కుండానే వీధిలోకి దిగిపోయాడు.

ఆ తిట్టులో సగం నాది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తట్టలేదు.